గొడవ పడ్డ సాగునీటి సంఘంలో ఏ ప్రశ్నతో మాట మొదలుపెట్టాలి?

పెన్నా డెల్టాలో ఒక పిల్లకాలువ కింది రైతులు రెండుగా చీలారనుకుందాం. ఎగువ తూముల కింద మడులు నిండుతున్నాయి, చివరి భూముల్లో పైరు బెట్టకొచ్చింది. సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు లేచి ‘చివరికి నీళ్లు ఎందుకు పోవడం లేదు?’ అని అడుగుతాడు. అంతే. ఎగువవాళ్లు తమ తప్పేమీ లేదంటారు, దిగువవాళ్లు పేర్లు చదువుతారు, ఆఖరికి ఇద్దరూ కలిసి కాలువ నీళ్లు చూసుకునే లస్కరు మీద పడతారు. మనుషులు చెడ్డవాళ్లయి కాదు, ఆ ప్రశ్న వాళ్లను బోనులో నిలబెట్టింది.

నిందపడే మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ‘ఎందుకు’ అనే మాట సంజాయిషీ అడిగినట్టే వినిపిస్తుంది. అతను లేనిచోట అదే మాట పనిచేస్తుంది. కూలి డబ్బు సారా కొట్టుకు ఎందుకు పోతోందని నెల్లూరు జిల్లా అక్షరాస్యత కేంద్రాల్లో ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకున్నారు. ఆ చర్చల నేపథ్యంలోనే 1992లో దూబగుంట ఉద్యమం లేచింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ కేంద్రాల్లో తమను తాము సమర్థించుకోవాల్సిన వాళ్లు లేరు. కాలువ సంఘంలో ఉంటారు.

‘వంతులు పెడదామా, వద్దా?’ అనడమూ పొరపాటే. చేతులెత్తించి ఓడిన వర్గాన్ని తయారుచేస్తుంది. ‘ఎగువవాళ్లు రాత్రిళ్లు తూములు మూస్తే సరిపోదా?’ అన్నది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. ‘సోమశిల నుంచి ఇంకా ఎక్కువ వదిలించాలంటే ఎలా?’ అన్నదానికి జవాబు సంఘం చేతిలో లేదు. ఆ 78 టీఎంసీల జలాశయం నుంచి ఎప్పుడు, ఎంత వదలాలో జిల్లా సాగునీటి సలహా మండలిలో తేలుతుంది. అలా అడిగితే చేతికొచ్చేది అర్జీ, చర్చ కాదు. సాగునీటి సంఘాలను ఏర్పరచిన 1997 నాటి రాష్ట్ర చట్టం వాటికి అప్పగించింది తమ పరిధిలో నీటి పంపకం, కాలువల నిర్వహణ. ప్రశ్న అక్కడే నిలవాలి.

‘ఈ ఎడగారులో చివరి తూము కింది మడి కూడా ఎండకుండా ఉండాలంటే, మన కాలువ మీద మనం ఏమేం మార్చుకోగలం?’ ఇందులో కాలం ఉంది (ఎడగారు అంటే నెల్లూరు వైపు రెండో పంట), చోటు ఉంది, ‘మనం’ ఉంది. జవాబు మాత్రం లేదు. పూడిక సంగతి తెలిసినవాడు పూడిక గురించి, తూము తలుపు విరిగిందని చూసినవాడు తలుపు గురించి చెప్పగలడు. కౌలు రైతుకూ నోరు తెరిచే వీలుంటుంది. చాలా సంఘాల్లో నీళ్లు కట్టేది కౌలుదారే, సమావేశంలో వినిపించేది మాత్రం భూయజమాని గొంతు. ఇది అన్నిటికన్నా పెద్ద లోటు.

ఇలాంటి ప్రశ్న సభలో అప్పటికప్పుడు పుట్టదు. వారం ముందే ఎగువ, నడుమ, చివరి తూముల నుంచి ఇద్దరిద్దరితో విడివిడిగా మాట్లాడాలి. వాళ్లు వాడిన మాటలతోనే నాలుగైదు రకాలుగా రాసి చూడాలి. ప్రతి వాక్యాన్నీ రెండు వర్గాల్లోనూ బాగా కోపంగా ఉన్న మనిషికి వినిపించాలి. ‘ఇది నన్ననడానికే’ అని ఒకరన్నా దాన్ని తీసెయ్యాలి. ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు ఇరికిస్తే జనం తేలికైనదానికి జవాబిచ్చి ఊరుకుంటారు.

సభలో ప్రశ్నను చార్టు మీద పెద్దక్షరాలతో రాసి, చదవలేనివాళ్ల కోసం రెండుసార్లు వినిపించాలి. ఎగువ, దిగువ రైతులను కలిపి నలుగురేసి కూర్చోబెట్టి అరగంట ఇవ్వాలి. మైకు ముందుగా చివరి భూములవాళ్లకు, ఆఖరున అధ్యక్షుడికి. ఆయన ముందు మాట్లాడితే మిగతావాళ్లు ఆయనకే జవాబిస్తారు, ప్రశ్నకు కాదు.

సంఘం డబ్బు మీద అనుమానాలుంటే మాత్రం ఈ పద్ధతి వద్దు. ముందు లెక్కలు తనిఖీ చేయించి అందరికీ చదివి వినిపించాలి. నిర్ణయం ముందే అయిపోయినా అంతే, దాన్ని ప్రకటించడమే మర్యాద. అభిప్రాయం అడిగి పక్కన పెట్టేస్తే మరుసటి సమావేశానికి చివరి తూము రైతులు రారు.