మాడుగుల హల్వాకీ పిల్లల షుగర్‌కీ సంబంధం లేదు

గాజువాక నుంచి మధురవాడ దాకా వైజాగ్ అపార్ట్‌మెంట్ గ్రూపులన్నిట్లో ఓ మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం: పిల్లలకు టైప్ వన్ షుగర్ చాక్లెట్లు, మాడుగుల హల్వా వల్ల నెల రోజుల్లో వచ్చేస్తుందట, ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోతే భయం లేదట, ఒకవేళ వచ్చినా ఇన్సులిన్ అలవాటు చేయకుండా కాకరకాయ రసం పడితే చాలట.

ముందు ఆ "నెల రోజుల" సంగతి. నెలలో బయటపడేది లక్షణాలు, జబ్బు కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పాంక్రియాస్‌లో (పొట్టలో ఉండే క్లోమగ్రంథి) రక్తంలోని చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ని తయారుచేసే బీటా కణాల మీద పడుతుంది, అదీ చాలాసార్లు ఏళ్ల ముందే. ఇన్సులిన్ మీద, జీఏడీ అనే ప్రోటీన్ మీద, ఇంకా ఒకట్రెండిటి మీద యాంటీబాడీలు, అంటే వాటిని శత్రువులనుకుని ఒంట్లో తయారైన రక్షక ప్రోటీన్లు, రక్తంలో కనిపిస్తాయి. చాలామంది పిల్లల్లో ఇవి మూడేళ్లు నిండకముందే మొదలవుతాయి, అప్పటికి షుగర్ రీడింగ్ శుభ్రంగా నార్మల్‌గానే ఉంటుంది. కణాలను ప్రధానంగా చంపేది టీ సెల్స్ అనే తెల్ల రక్తకణాలు, యాంటీబాడీలు లోపల గొడవ జరుగుతోందని చెప్పే ఆనవాళ్లు మాత్రమే. ఇలాంటివి రెండు రకాలు కనిపిస్తే దాన్ని జబ్బు మొదటి దశగానే లెక్కేయాలని 2015లో నిపుణులు తేల్చారు, ఎందుకంటే అలాంటి పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి పదేళ్లలో షుగర్ బయటపడుతోంది. కాబట్టి పోయిన నెల అమ్మమ్మ పెట్టిన హల్వా మీద నేరం మోపి ఆవిణ్ణి ఏడిపించకండి. (చాక్లెట్లు తగ్గిస్తే పళ్లకు మంచిదే, అది వేరే విషయం.)

ఇంట్లో ఎవరికీ లేకపోతే రాదా? కొత్తగా బయటపడేవాళ్లలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఇళ్లల్లో ముందు ఎవరికీ లేదు.

ఇక కాకరకాయ. ఇది మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే మాట. 1922లో ఇన్సులిన్ వాడకం మొదలవక ముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవాళ్లు కాదు. మరి "మా బాబుకి రసంతో తగ్గింది" అనేవాళ్లు అబద్ధమాడుతున్నారా అంటే, అందరూ కాదు. ఇన్సులిన్ మొదలుపెట్టాక మిగిలిన కణాలు కాస్త తేరుకుని కొన్నాళ్లు డోసు బాగా తగ్గిపోవచ్చు, డాక్టర్లు దీన్నే హనీమూన్ పీరియడ్ అంటారు. సరిగ్గా ఆ రోజుల్లో ఏ రసం తాగినా పేరు రసానికే వస్తుంది. ఆ నమ్మకంతో ఇంజెక్షన్ ఆపితే ఐసీయూకి పరిగెత్తాల్సి వస్తుంది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టెప్లిజుమాబ్ అనే మందు కూడా, రెండో దశలో (రీడింగ్ కాస్త తేడాగా మారినా లక్షణాలు ఇంకా రాని దశ) ఉన్నవాళ్లకు జబ్బు బయటపడటాన్ని సగటున రెండేళ్లు వాయిదా వేయగలిగిందంతే. అలాంటి మందుకే చేతకానిది కాకరకాయకి చేతనవుతుందంటే ఎలా?

ఫార్వర్డ్ చేయాలనుంటే ఇది చేయండి: పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ తడుపుతున్నా, గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగుతున్నా, చిక్కిపోతున్నా వైజాగ్ ఉక్కపోత అనుకుని ఊరుకోకుండా అదే రోజు గ్లూకోమీటర్‌తో చూపించండి. వాంతులు, ఆయాసం కూడా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే, వైజాగ్ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ అయినా ఏదైనా సరే.