పదో తరగతి తెలుగు వాట్సాప్ గ్రూపు గారికి ఒక సారు విన్నపం

మహారాజశ్రీ పదో తరగతి తెలుగు గ్రూపు గారి దివ్య సముఖానికి,

తెలుగు సారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ పిల్లలు క్షేమం. వాచకాలు మరీ క్షేమం, కొన్నింటికి ఇంకా మడత కూడా పడలేదు. తమరు నిండు ఛార్జింగుతో వర్ధిల్లుతున్నారని తలుస్తాను.

తమరి పుట్టుక నాకు బాగా గుర్తు. 2020లో కరోనాకి బడులు మూతపడి, సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ పిల్లలకి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్ళలో పాఠాలు మొదలైనప్పుడు, హోంవర్కు ఎవరు పంపారో ఎవరు ఎగ్గొట్టారో చూసుకోవడానికి తమరిని పెట్టుకున్నాం. బడి తెరిచాక సెలవు తీసుకుంటారనుకున్నాం. చుట్టపుచూపుగా వచ్చినవారు ఇంటి తాళాలు అందుకున్నారు. ఏటా పిల్లలు మారుతున్నారు గానీ తమరి డీపీలో సరస్వతీదేవి మాత్రం మారలేదు.

ఈ ఏడు తమరికి ప్రమోషన్ కూడా వచ్చింది. పిల్లలు ఎలాగూ ఫోన్లోనే ఉంటున్నారు కాబట్టి ప్రాచీన పద్యాన్ని కూడా అక్కడికే తీసుకెళ్దామని పెద్దలకి ఒక మంచి ఆలోచన వచ్చింది. నిజంగానే మంచి ఆలోచన, ఇందులో వెటకారం లేదు. అమలు దగ్గరకొచ్చేసరికి వెటకారం దానంతట అదే వచ్చి చేరింది. రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా తమరి సన్నిధిలో సాహిత్య చర్చ. ప్రతి విద్యార్థీ ఒక స్పందన పెట్టాలి. పద్యం, భావం, నీతి, ఆ వరస తప్పకూడదు. ఎనిమిది కొట్టగానే నేను స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపాలి.

వాచకంలో మొదటి పాఠం 'దానశీలం', పోతన భాగవతంలోని వామన చరిత్ర. వచ్చినవాడు విష్ణువు, మూడడుగులంటూ నీ సర్వస్వం పట్టుకుపోతాడు, ఇవ్వకు అని శుక్రాచార్యుడు హెచ్చరిస్తే బలి చెప్పిన జవాబుతో మొదలుపెట్టాను:

"కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే? వారేరీ? సిరి మూటఁగట్టుకొని పోవంజాలిరే?"

వరసగా నాలుగైదు ప్రశ్నలు. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. వచ్చినవి దండాల బొమ్మలు, బొటనవేళ్ళు, 'గుడ్ ఈవెనింగ్ సర్'లు. నేను భావం చెప్పకముందే 'చాలా చక్కగా వివరించారు సర్' అని ఒకడు. రాత్రి ఏడున్నరకి పొద్దుతిరుగుడు పువ్వుతో 'శుభోదయం' పంపిన తండ్రి ఒకాయన. ఇంకో నంబరు నుంచి 'బలి చక్రవర్తి దానగుణం చాలా గొప్పది' అని వచ్చింది. బాగుంది అనుకునేలోపే దాని కిందే 'రేపు సిమెంటు లోడు పదింటికి దింపుతారు, అడ్వాన్స్ రెడీగా ఉంచు'. ఫోను నాన్నది మరి. సగం ఇళ్ళలో ఫోను పనినుంచి ఇంటికొచ్చేది తొమ్మిదింటికి, చర్చ ముగిసేది ఎనిమిదింటికి. ఈ సంగతి తమరికి తెలియదనుకోను. ఎవరు ఎన్నింటికి చూశారో తమరి దగ్గర లెక్కంతా ఉంటుంది.

తర్వాత అసలు స్పందనలు మొదలయ్యాయి. అన్నీ 'బలి చక్రవర్తి దానశీలత నేటి సమాజానికి ఆదర్శప్రాయం' అని మొదలై 'కావున మనమందరం దానగుణాన్ని అలవరచుకోవాలి' అని ముగిసినవే. గైడు ఒక్కటే అయినప్పుడు అభిప్రాయాలు వేరే ఎందుకుంటాయి? అదే పద్యంలో ముందుకెళ్తే శిబి ప్రముఖులు, అంటే శిబి చక్రవర్తి లాంటి దాతలు, ఉన్నారు కదా, గైడులో అది 'శిబిర ప్రముఖులు' అని అచ్చయింది. ఆ సాయంత్రం సగం క్లాసు శిబిర ప్రముఖుల త్యాగాన్ని వేనోళ్ళ కొనియాడింది. గైడు కొనలేనివాళ్ళు కృత్రిమ మేధను ఆశ్రయించారు. అందులో అచ్చుతప్పులు లేవు, ఎవరో ఒక మనిషి రాశాడన్న అనుమానం కూడా రాదు. స్క్రీన్‌షాట్లు వెళ్ళాయి. 'భాగస్వామ్యం అద్భుతం' అని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

ఇంతవరకు తమరి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. బడిలో ఎలా ఉన్నామో ఫోన్లోనూ అలాగే ఉన్నాం. ఫిర్యాదల్లా ఒక శుక్రవారం రాత్రి గురించి.

ఆ రోజు ఎనిమిది దాటింది, స్క్రీన్‌షాట్ వెళ్ళిపోయింది. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి ఇలా పెట్టింది: 'సర్, శుక్రాచార్యుడు బలికి గురువు కదా. గురువు వద్దన్న పని చేశాడు. మరి మేము చేస్తే తిడతారెందుకు?'

కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత తమరి తెర మీద 'టైపింగ్' అన్న మాట ఆగితే ఒట్టు. ఒకబ్బాయి శుక్రుడి తరఫున దిగాడు. 'ఆయన చెప్పింది కరెక్టే. మోసం అని తెలిసి కూడా రాజ్యం ఇచ్చేస్తే జనం గతేంటి? రాజ్యం బలి సొంత ఆస్తా?' అన్నాడు. ఈ ప్రశ్న ఏ గైడులోనూ లేదు, నేను బీఎడ్‌లో కూడా వినలేదు. 'మాట ఇచ్చాక తప్పేవాడు రాజెట్లయితడు' అని ఇంకొకడు. మూడోవాడు ఎక్కడ పట్టాడో 'వారిజాక్షులందు వైవాహికములందు' పద్యం పట్టుకొచ్చాడు. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణమో ధనమో పరువో పోయేటప్పుడు, భయపడ్డ గోవులనీ విప్రులనీ కాపాడేటప్పుడు బొంకవచ్చని, పాపం రాదని శుక్రుడే చెప్పాడు కదా. 'హోంవర్కు ఇందులో దేని కింద వస్తుంది సర్?' అని అడిగాడు. 'పరువు కింద' అని వెంటనే జవాబొచ్చింది, నా దగ్గర్నుంచి కాదు.

అప్పుడే ఒక తండ్రి కూడా దిగాడు. కిరాణా కొట్టు ఆయన. 'మా దగ్గర అప్పు పెట్టేవాళ్ళు కూడా వామనుడి లెక్కనే సార్, చిన్నగ మొదలుపెడతరు' అని రాశాడు. పద్యానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చెప్పగలనా అంటే, చెప్పలేను.

మొదట అడిగిన అమ్మాయి ఊరుకోలేదు. బలి ఎవరో కూడా తవ్వింది. ప్రహ్లాదుడి మనవడు. ప్రహ్లాదుడికి చదువు చెప్పిన చండామార్కులు ఎవరు? శుక్రాచార్యుడి కొడుకులు. 'అంటే ఆ ఇంటి సార్ల మాట వినకపోవడం వీళ్ళింట్లో తాత నుంచీ ఉంది. తాతనీ దేవుడు మెచ్చుకున్నాడు, మనవడికీ సుతల లోకం ఇచ్చి కాపలా ఉన్నాడు. వినమన్న గురువు శాపం పెట్టాడు, వినని శిష్యుడు గెలిచాడు. పోతన ఎవరి పార్టీ సర్?'

పదిహేనో శతాబ్దపు కవి ఎవరి పార్టీ అని పదిహేనేళ్ళ పిల్ల రాత్రి పదింటికి నిలదీస్తోంది. పరీక్షలో పెద్ద ప్రశ్నకి కూడా ఇంత టెన్షన్ పడని పిల్లలు జవాబు కోసం మేలుకుని కూర్చున్నారు. పోతన పద్యాలు బట్టీకి బాగుంటాయని అందరూ అంటారు గానీ, ఆయన పాత్రలు ఒక్కరూ నోరు మూసుకుని ఉండరు. ప్రహ్లాదుడు తండ్రితో వాదిస్తాడు, బలి గురువుతో వాదిస్తాడు, మొసలి నోట చిక్కిన గజేంద్రుడు అసలు దేవుడున్నాడా లేడా అని దేవుణ్ణే అనుమానిస్తాడు. అంత వాదన ఉన్న పుస్తకాన్ని 'కావున అలవరచుకోవాలి' దగ్గర కట్టిపడేయడానికి మనం ఎంత కష్టపడుతున్నామో!

తెల్లారేసరికి తమరి నుదుటన కొత్త రాత కనిపించింది: 'అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపగలరు.'

గురువుల్ని ఎదిరించమని పిల్లలకి నేర్పుతున్నారా అని ఎవరో ఒక తండ్రి ఫోన్ చేశారట. చర్చ సమయం దాటి జరిగిందట. నీతి రాయలేదట. పరీక్షకి సంబంధం లేదట. ఆ రాత్రి జరిగినదాని స్క్రీన్‌షాట్ ఇస్తే నమూనాలో లేదని తిప్పి పంపారు. మొదటి రోజు బొటనవేళ్ళు మాత్రం ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు నేనూ అడ్మిన్‌నే. నేను పద్యం పెడతాను, భావం పెడతాను, నీతి పెడతాను, నాకు నేనే ధన్యవాదాలు చెప్పుకుంటాను. నీలం టిక్కులు పడతాయి. తాళం తీస్తే పొద్దున్నే మళ్ళీ వేసి ఉంటోంది.

ఇక ఒక రహస్యం. పిల్లలు ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. అందులో పెద్దవాళ్ళకి ప్రవేశం లేదు. దాని సంగతి నాకెలా తెలిసిందంటే, శ్రీనాథుడి 'భిక్ష' పాఠం నేనింకా మొదలుపెట్టకుండానే క్లాసులో దాని మీద గొడవ జరుగుతోంది. వ్యాసుడు శిష్యుల్ని వెంటేసుకుని కాశీలో మిట్టమధ్యాహ్నం ఇల్లిల్లూ తిరుగుతాడు. వండుతున్నామంటుంది ఒకామె, ఈరోజు దేవకార్యం అంటుంది ఇంకొకామె, తలుపే తీయదు మరొకామె. రెండోరోజూ మెతుకు దొరక్కపోయేసరికి మూడు తరాలపాటు చదువు, సంపద, మోక్షం లేకుండా పోవాలని కాశీనే శపించబోతాడు. 'వ్యాసుడు కాశీకి ఒక్క స్టార్ ఇచ్చాడు' అని వెనక బెంచీ తేల్చేసింది. పార్వతి ఒక ఇల్లాలిగా వచ్చి, ఉన్న ఊరు కన్నతల్లి లాంటిది కదా, దానిమీద కోపమా అని మందలించి భోజనానికి పిలిస్తే, శిష్యులు తినందే తినను అంటాడాయన. ఇది విని హాస్టల్ పిల్లాడొకడు 'మా దగ్గర ముందు ఎవరు తింటరో అడగకండి సర్' అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

కాబట్టి తమరితో మనవి ఇది. తాళం తీయించండి. సమయం తొమ్మిది తర్వాతకి జరపండి, నాన్నల ఫోన్లు ఇల్లు చేరనివ్వండి. బొటనవేలిని హాజరుగా లెక్కపెట్టకండి. నీతి అడక్కండి, వాళ్ళకి తట్టినది తట్టినట్టు రాయనివ్వండి, అది తప్పైనా సరే. కిరాణా కొట్టు ఆయనని మాత్రం తీసేయకండి, ఆయన అవసరం ఉంది.

ఇవేవీ తమరి వల్ల కాకపోతే కనీసం ఒక సిఫారసు లేఖ ఇప్పించండి. పిల్లల గ్రూపులో చేర్చుకోమని అడిగాను. అక్కడ అడ్మిన్ ఆ శుక్రవారం ప్రశ్న వేసిన అమ్మాయే. మెసేజ్ చూసింది, జవాబివ్వలేదు. 'పోతన ఎవరి పార్టీ' అన్నదానికి ముందు నేను జవాబు చెప్పాలట.

ఇట్లు,
తమరి అడ్మిన్లలో ఒకడు,
తెలుగు సారు