పదిహేడో రంగు కోసం

కట్టుడు పన్ను రంగు సరిచూసేందుకు దంతవైద్యుల టేబుళ్ల మీద కొలువుదీరిన షేడ్ కార్డు గారికి,

నల్లగొండ జిల్లా మర్రిగూడ మనిషిని. మొన్న మటన్ బొక్క కొరకబోతే, నవ్వితే కనబడే చోట పై పన్ను పోయింది. పోయింది ఒక్కటే. ఆ ఖాళీలో పక్క పళ్ల ఆసరాతో నిలిచే కట్టుడు పన్ను, అదే బ్రిడ్జి, కట్టాలంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను అరగదీసి, మూడింటికి బిల్లు వేస్తారట. మధ్య ఇల్లు కూలితే పక్కిళ్ల గోడలు చెక్కడం ఇక్కడే చూశాను.

ఇక మెటీరియల్. లోహం మీద పింగాణీ వేసింది చవక. కొన్నేళ్లకు పింగాణీ పెచ్చులూడొచ్చు, చిగురు పక్కన నల్లగీత తేలొచ్చు. పైగా ఆ లోహంలో తరచూ నికెల్ ఉంటుంది. నాకు వాచీ గొలుసుకే దద్దుర్లు లేస్తాయి. కాబట్టి లోహం లేకుండా పన్ను రంగులో వచ్చే జిర్కోనియా. గట్టిది, కాకపోతే సరిగ్గా పాలిష్ చేయకపోతే ఎదుటి పన్నును అరగదీస్తుంది. పదిహేనేళ్ల వారంటీ కార్డు కూడా చూపించారు. చదివితే తెలిసింది, వారంటీ బ్రిడ్జికే. దాన్ని మోసే నా పళ్లకు లేదు.

అంతా కుదిరాక మిమ్మల్ని తెచ్చి నా పెదవి దగ్గర పెట్టారు. మొత్తం పదహారు రంగులు. ఏ-1, ఏ-2, ఏ-3, ఆపైన ఏ-3.5! అర మార్కు కూడా వదలని మీరు నల్లగొండను ఎలా వదిలేశారండీ?

నా పన్ను ఒక్క రంగులో ఉండదు. అంచున సుద్దముక్క తెలుపు, నడుమ బెల్లం రంగు చార. అది పాచి కాదు, తోమితే పోదు. చిన్నప్పుడు చిగురు లోపల పళ్లు తయారవుతున్నప్పుడు తాగిన బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని. అసిస్టెంట్ అమ్మాయి బీ-1 చూపించి "అంకుల్, ఇది తెల్లగా మంచిగుంటది" అంది. "హద్దురాయికి సున్నం కొట్టినట్టుంటది బిడ్డా" అన్నాను.

పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. అది ఆఫ్రికా దేశాల దాకా పోయింది. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పళ్లకు మాత్రం మీ దగ్గర చోటు లేదు. మా మనవడు కృష్ణా నీళ్లు తాగి పెరుగుతున్నాడు, వాడికి మీ కార్డు సరిపోతుంది. మా ఈడువాళ్లం ఇంకా చాలామందిమి ఉన్నాం. పదిహేడో ముక్క ఒకటి చేర్చండి: ఎన్-1, చారతో సహా.

ప్రస్తుతానికి డాక్టరు గారు నా పళ్ల ఫొటో తీసి హైదరాబాద్ ల్యాబుకు పంపారు. నిన్న వాళ్లు ఫోన్ చేశారట: "సార్, పేషెంటు కావాలనే మరక అడుగుతున్నాడా?"

ఇట్లు,
మీ పదహారింట్లో దేనికీ సరిపోని
ఒక పన్నుదారు