బ్రహ్మగారి బొడ్డు, ఇంజనీరు బోరు

మా వీధి చివర అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేవబోతోంది. దాని మట్టి పరీక్ష నివేదిక నిన్న నా కంటబడింది. పెన్నకు కూతవేటు దూరంలో, మొన్నటి దాకా వరి నాటిన మాగాణిలో, మూడు మీటర్లకే గట్టి రాయి తగిలిందట. ఆ పక్క చేలో మా తాత బావి తవ్వించినప్పుడు ముప్పై అడుగులు దిగినా ఇసుకా బంకమట్టీ తప్ప గులకరాయైనా కనబడలేదు. నాలుగో పేజీలో గుట్టు బయటపడింది. స్థలం పేరు దగ్గర విశాఖపట్నం అని అచ్చులో ఉంది. దాన్ని కొట్టేసి పక్కన పెన్నుతో నెల్లూరు అని రాశారు. బిల్డరు గారు కొండను అంత దూరం నుంచి తెప్పించారన్నమాట. లారీ కిరాయి ఫ్లాట్ల ధరలో కలిపారో లేదో కనుక్కోవాలి.

అలాగని పరీక్ష జరగలేదంటే కళ్లు పోతాయి. దగ్గరుండి చూసినవాణ్ణి.

ఇంజనీరు కుర్రాడు మూడు కాళ్ల చట్రంతో దిగాడు. "మట్టి చూడ్డానికి నాలుగు మూలలా నాలుగు బోర్లు, మధ్యలో ఒకటి వేద్దామండి" అన్నాడు. బిల్డరు గారు నొచ్చుకున్నారు. "ఒక్కటి చాలు బాబూ, భూమంతా ఒకటే కదా." సరే, ఆ ఒక్కటీ మధ్యలో వేస్తానన్నాడు కుర్రాడు. అప్పుడు లేచారు వాస్తు సిద్ధాంతి గారు. "అపచారం! మధ్య అంటే బ్రహ్మస్థానం. అక్కడ గుచ్చితే బ్రహ్మగారి బొడ్డులో పొడిచినట్టే." చర్చ గంటసేపు సాగింది, రెండు విడతల టీలు అయ్యాయి. చివరికి బోరును ఈశాన్యానికి జరిపారు. అక్కడ నీళ్ల సంపు వస్తుంది, ఒక్క స్తంభమూ రాదు. "పరీక్ష అయ్యాక అదే బొక్కలో మోటారు దించుకోవచ్చా?" అని బిల్డరు గారు అడిగారు. కుర్రాడు ఆకాశం వైపు చూశాడు.

ఆ తర్వాత సుత్తి. 63.5 కిలోల బరువు, 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. ఆ దెబ్బలకు బోరులో నిలబెట్టిన గొట్టం 45 సెంటీమీటర్లు దిగాలి. మొదటి 15 లెక్కలోకి రావు; మిగతా 30కి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఎన్ విలువ. దెబ్బలు ఎక్కువైతే నేల గట్టిదని అర్థం. పొద్దున తాడు లాగిన ఇద్దరూ ఎత్తు బాగానే పాటించారు. మిట్టమధ్యాహ్నానికి, రోహిణి ఎండలో, సుత్తి మోకాలి ఎత్తు దాటడం మానేసింది. మెల్లగా పడే సుత్తికి దెబ్బలు ఎక్కువ కావాలి కదా! ఎన్ విలువ ఎగబాకింది. మనుషులు నీరసించేకొద్దీ నేల బలపడుతూ వచ్చింది. సాయంత్రం దాకా కొట్టించి ఉంటే నిజంగానే విశాఖ కొండ తేలేది.

కవర్లలో కట్టిన మట్టి ప్రయోగశాలకు వెళ్లాలి. అందులో ఒక కవరు గోడ మీద మరచిపోయారు. మర్నాడు అది వాచ్‌మన్ పిల్లల చేతిలో వినాయకుడైంది. రెండు రోజులు ఎండలో ఆరేసరికి స్వామి బొజ్జ అడ్డంగా పగిలింది. ఆ నేల గురించి ఇంతవరకు వెలువడిన నిజమైన ఫలితం అదొక్కటే.

మనం తెలివితక్కువవాళ్లమా? మొలగొలుకుల బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూస్తాం. చేపల అంగట్లో మొప్ప ఎత్తి చూడకుండా బేరమైనా మొదలుపెట్టం. యాభై లక్షల ఫ్లాటుకు మాత్రం పింగాణీ పలకల రంగు చూసి సంతకం పెడతాం.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టికట్టే కొట్టుకుపోయింది. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతం కంపించింది. నీళ్లు నిండిన వదులు ఇసుక భూకంపానికి జావలా మారుతుందని ఆ కుర్రాడి పాఠ్యపుస్తకంలోనే ఉంది. తెలిసీ, చెరువు కడుపులో చెత్తా చెదారం పోసి, మీద జానెడు గ్రావెల్ పరిచి, వేరే ఊరి కాగితం జతచేసి అమ్ముతున్నారు. కొనేది ఎవరు? పదవీ విరమణ డబ్బంతా తెచ్చి పోసిన బడిపంతులు. గోడ పగిలితే ఆయనకు దొరికే జవాబు "పూత పగులు సార్, పుట్టీ పెట్టిస్తాం." పగిలింది పూత కాదయ్యా! కింద పునాది ఒక పక్కకు కుంగుతోంది. ఆ సంగతి మీకు తెలుసు, సంతకం చేసినవాడికి తెలుసు, చూడకుండా ముద్ర కొట్టినవాడికీ తెలుసు. తెలియనిది వాయిదాలు కట్టే ఆ ముసలాయనకు ఒక్కడికే. సిగ్గుండాలి.

సిద్ధాంతి గారికి ఆ రోజే పట్టుపంచె, పళ్లెంలో తాంబూలంతో పాటు నోట్లూ అందాయి. కుర్రాడి డబ్బులు ఇంకా దారిలోనే నడుస్తున్నాయి.

ఇవాళ పొద్దున బిల్డరు గారు స్వయంగా వచ్చి భూమిపూజ ఆహ్వానపత్రిక ఇచ్చి వెళ్లారు. ముహూర్తం నిమిషాలతో సహా ఉంది. చిరునామా రెండుసార్లు చదివాను. ఎక్కడా కొట్టివేతలు లేవు, నెల్లూరు అనే అచ్చువేశారు.