ఇట్ గారికి దారి వదలండి

మొన్న ఒక ఫైల్ పంపుతూ మా పై అధికారికి ‘ప్లీజ్ చెక్ కేర్‌ఫుల్లీ ఇట్’ అని ఒక లైను రాశాను. అరగంటలో జవాబొచ్చింది. ఫైల్ గురించి అనుకునేరు, కాదు. నా ‘కేర్‌ఫుల్లీ’కీ ‘ఇట్’కీ చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి, ఒకదాని చోట్లోకి ఇంకోదాన్ని బాణం గుర్తుతో లాగి, కింద ఓ నవ్వు బొమ్మ అతికించి పంపారు. అదీ ఆఫీసులో అందరికీ కాపీ పెట్టి మరీ.

నేరం ఒప్పుకుంటున్నాను. క్రియకీ కర్మకీ మధ్యన, అందులోనూ ఆ కర్మ సర్వనామం అయి ఉండగా, ఒక క్రియావిశేషణాన్ని, అంటే పని ఎలా చేయాలో చెప్పే ‘కేర్‌ఫుల్లీ’ని, దూర్చాను. కర్త చేసిన పని ఎవరి మీద పడుతుందో ఆ పదం కర్మ అని చిన్నప్పుడు బట్టీ పట్టాం గానీ, దాన్ని కర్మ అని ఎందుకన్నారో ఇంగ్లీషు రాయడం మొదలెట్టాకే తెలిసింది.

చట్టం ఏమిటంటే, ఇట్, హిమ్, హర్, దెమ్ లాంటి బుల్లి సర్వనామాలు కర్మగా వస్తే క్రియని ఆనుకునే కూర్చోవాలి. ఎలా, ఎక్కడ, ఎప్పుడు అని చెప్పే మాటలన్నీ వాటి వెనకాల చేతులు కట్టుకుని నిలబడాలి. ‘ఐ లైక్ ఇట్ వెరీ మచ్’ అంటే మీరు చదువుకున్నవారు. ‘ఐ లైక్ వెరీ మచ్ ఇట్’ అన్నారో, మీ ఇష్టం సంగతి గాలికిపోయి మీ చదువు మీద విచారణ మొదలవుతుంది. ‘ఐ మెట్ హర్ ఎట్ ద స్టేషన్ ఎస్టర్‌డే’లో ముందు ఆవిడ, తర్వాత స్టేషన్, ఆ తర్వాతే నిన్న. ఆ నిన్నకి మరీ తొందరగా ఉంటే వాక్యం మొదటికి పరిగెత్తొచ్చు. ‘రియల్లీ’ లాంటి వాళ్లు క్రియకి అవతలి పక్కన నిలబడి ‘ఐ రియల్లీ లైక్ ఇట్’ అనిపించుకోవచ్చు. ఎటు తిరిగినా పర్లేదు, ఆ ఇద్దరి మధ్యలోకి మాత్రం గాలి కూడా చొరబడకూడదు. కొత్త దంపతులు కూడా ఇంత చేయరు.

మనకి ఈ గోల లేదు. ‘దాన్ని జాగ్రత్తగా చూడు’ అన్న మూడు మాటల్ని 6 రకాలుగా తిప్పొచ్చు, ఆరింటికీ అర్థం ఒకటే, విన్నవాడు ఆరుసార్లూ జాగ్రత్తగానే చూస్తాడు. ‘చూడు జాగ్రత్తగా దాన్ని’ అన్నా ఎవరూ ఎర్ర పెన్ను తీయరు. ‘దాన్ని’ ఎక్కడ పడేసినా తన ‘ని’ అనే ద్వితీయా విభక్తిని వెంట మోసుకుని తిరుగుతుంది, తాను కర్మనని అదే చెప్పుకుంటుంది. ‘చెక్’, ‘ఇట్’, ‘కేర్‌ఫుల్లీ’లకి ఆ 6 వరసల్లో మామూలుగా చెల్లేవి 2. వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషుకీ మనలాగే విభక్తులు చాలానే ఉండేవి, మాటలు ఇంతకంటే స్వేచ్ఛగా తిరిగేవి, సర్వనామం చాలాసార్లు క్రియకి ముందే వచ్చేది. తర్వాత ఆ ప్రత్యయాలు చాలావరకు అరిగిపోయాయి. ఎవరు కర్తో ఎవరు కర్మో కూర్చున్న కుర్చీని బట్టే చెప్పాల్సిన గతి పట్టింది. ఆస్తి కరిగిపోయాక మిగిలిన పరువు కోసం చేసే హడావిడి ఇది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ మర్యాదలన్నీ బక్క పదాలకే. కర్మ స్థానంలో బారెడు పొడుగు నామవాచకం, తోకలూ ఉపవాక్యాలూ వేసుకుని వస్తే, అది పెద్దమనిషిలా క్రియావిశేషణాన్ని ముందు పోనిచ్చి తాను వెనక నడుస్తుంది. పొట్టివి ముందు, పొడుగువి వెనక అనే ఈ ధోరణిని ఒట్టో బెహాగెల్ అనే జర్మన్ పండితుడు 1909లోనే ఒక సూత్రంగా రాసిపెట్టాడు. సర్వనామాన్ని మామూలుగా నొక్కి పలకరు, సొంతంగా నిలబడే సత్తువ లేదు, అందుకని క్రియ భుజం మీద వాలిపోతుంది. ఒకప్పుడు ‘హిట్’గా ఉన్న ‘ఇట్’ అలా వాలీ వాలీ హకారం కూడా పోగొట్టుకుంది. అయినా తగ్గదు!

ఇప్పుడొక దృశ్యం ఊహించుకోండి. గదిలో మెషిన్ పొగ కక్కుతోంది. దూరంగా ఉన్న మనిషి ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అని అరిచాడు. స్విచ్ పక్కనే ఉన్న పండితుడు చెయ్యి చాపి, సగంలో ఆపి, వెనక్కి తిరిగి, ‘స్విచ్ ఇట్ ఆఫ్ అనాలి నాయనా’ అన్నాడు. ‘మరి స్విచ్ ఆఫ్ ద మెషిన్ అనొచ్చుగా?’ అన్నాడు ఇతను దగ్గుతూ. ‘నిక్షేపంగా అనొచ్చు, స్విచ్ ద మెషిన్ ఆఫ్ అని కూడా అనొచ్చు, మెషిన్ పెద్దది కాబట్టి ఎటైనా సర్దుకుంటుంది, ఇట్ మాత్రం మధ్యలోనే కూర్చుంటుంది.’ మంట పైకి లేచింది. పాఠం ఒంటబట్టిన ఇతను ‘లుక్ ఇట్ ఎట్!’ అని కేక పెట్టాడు. పండితుడు చెవులు మూసుకున్నాడు. ‘అయ్యో, అక్కడ లుక్ ఎట్ ఇట్ అనే అనాలి. ఆఫ్ వేరు, ఎట్ వేరు. రన్ అప్ ద హిల్, రన్ అప్ ద బిల్ చూడు. కొండ ఎక్కితే రన్ అప్ ఇట్, బిల్లు పెంచితే రన్ ఇట్ అప్.’ ‘ఎందుకలా?’ ‘కొండ దగ్గర అప్ కొండ తాలూకు, బిల్లు దగ్గర అప్ క్రియ తాలూకు.’ ఈలోగా కర్టెన్లు కాలాయి, బల్ల కాలింది, స్విచ్ కూడా కరిగిపోయింది. వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండే సంగతి. నా వాక్యం అర్థం కాకపోతే ఆయన దాన్ని ఎలా దిద్దాడండీ? అర్థమైంది కాబట్టేగా ఏ మాట ఎక్కడికి పోవాలో బాణం గీయగలిగాడు! అర్థమయ్యాక కూడా నలుగురి ముందు పెట్టి నవ్వాడంటే అది వ్యాకరణం కాదు, తలపొగరు. పని క్షుణ్ణంగా తెలిసిన మనుషులు, రెండో భాషలోనో మూడో భాషలోనో తంటాలు పడుతున్నవాళ్లు, మీటింగుల్లో నోరు తెరవబోయి ‘ఇట్’ని ఎక్కడ పెట్టాలా అని టెన్షన్ పడుతూ ఉండగానే ఆ మాట వేరేవాడు అనేస్తాడు, వీళ్లు నోరు మూసుకుంటారు. ఎన్నిసార్లు చూశానో. నేర్పాలనుకుంటే పక్కకి పిలిచి ఒక్క నిమిషంలో నేర్పొచ్చు, ఆ నియమం ఒక్క నిమిషం పాఠమే. నవ్వు బొమ్మ ఎందుకు? అందరికీ కాపీ ఎందుకు?

మొత్తానికి ‘ప్లీజ్ చెక్ ఇట్ కేర్‌ఫుల్లీ’ అని బుద్ధిగా దిద్ది మళ్లీ పంపాను. ‘పర్ఫెక్ట్’ అని వెంటనే జవాబు. నాలుగు రోజులైంది, ఆ ఫైల్ ఆయన ఇంకా తెరవలేదు.