ఇసుక మీద పెళ్లికి కిలో పట్టు

విజయవాడకు సముద్రం లేదు. కృష్ణ ఉంది, బ్యారేజీ ఉంది, భవానీ ద్వీపం ఉంది. అల కనిపించాలంటే మచిలీపట్నం వైపో బాపట్ల వైపో బయలుదేరాలి. అయినా మా మేనకోడలి పెళ్లి సూర్యలంక తీరాన అని ఖాయమైంది. 2022 వరకు గుంటూరు జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఊరు. పిల్ల కోరింది, వియ్యాలవారు ఒప్పుకున్నారు, పురోహితుడు ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో ముహూర్తం కుదిర్చారు. ఇక మిగిలింది చీర. మేనమామను కాబట్టి సంచులు మోయడానికి నేనూ వెళ్లాను.

రెండు రోజుల్లో వన్‌టౌన్ వస్త్రలతలో, బీసెంట్ రోడ్డులో, బందరు రోడ్డు మీది పెద్ద దుకాణాల్లో కలిపి తొమ్మిది చోట్ల కూర్చున్నాం. ఎక్కడికి వెళ్లినా మూడే ప్రశ్నలు. ముహూర్తానికా, రిసెప్షన్‌కా? ఎంతలో చూపించమంటారు? రంగు ఏమైనా అనుకున్నారా? పెళ్లి ఎక్కడ, ఎన్ని గంటలకు అని అడిగినవారు ఒక్కరూ లేరు. మేమూ చెప్పలేదు. చెప్పాలని తోచకపోవడమే నాకు అసలు సమస్యగా కనిపిస్తోంది. పెళ్లిచీర అనగానే మన ఊహలో ఒక కల్యాణమండపం ఉంటుంది. దానికి గోడలు, పైకప్పు, ఏసీ, గట్టి నేల ఉంటాయి. వేదికను మాత్రం సముద్రం దగ్గరకు మార్చి, చీరను ఆ మండపంలోనే వదిలేస్తున్నాం.

దుకాణంలో చీరకు రెండే పరీక్షలు. ఒకటి, దీపాల కింద జరీ ఎంత మెరుస్తోంది. రెండోది బరువు. "ఒకసారి చేతిలో పట్టుకుని చూడండమ్మా" అంటూ మడత చీరను మా అక్క అరచేతుల్లో పెడతారు. చెయ్యి కాస్త కిందికి దిగగానే ఆమె ముఖం వికసిస్తుంది. నిండా జరీ ఉన్న కంచిపట్టు కిలోకు దగ్గరగా తూగుతుంది. దాని మీదికి మగ్గం పనితో బిగుసుకున్న రవిక, వడ్డాణం, పూలజడ. మొత్తంగా ఆ పిల్ల మోసేది ఎంతో ఎవరూ లెక్కగట్టరు. లెక్క నాకు కావాలి, ఎందుకంటే గౌరీపూజ అయ్యాక ఆ పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేది నేను. మండపంలోనైతే పది అడుగులు. ఇక్కడ మడమ దిగబడే ఇసుకలో యాభై అడుగులు.

నా నడుము సంగతి అలా ఉంచి గాలి సంగతి చూద్దాం. తెల్లవారుజామున తీరం మీద గాలి మెత్తగా, నేల వైపు నుంచి వీస్తుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక దిశ మారి సముద్రం నుంచి వస్తుంది. పదకొండు గంటలంటే అది ఊపందుకునే వేళ. మనది తూర్పు తీరం. వధూవరులను తూర్పు ముఖంగా కూర్చోబెడితే ఎదురుగా హోమగుండం, దాని వెనుక సముద్రం. అంటే గాలి మంటను, పొగను, నిప్పురవ్వలను నేరుగా పెళ్లికూతురి ఒడి వైపుకే తోస్తుంది. గోవాలో సముద్రం పడమట కాబట్టి, ఇదే తూర్పు ముఖానికి అక్కడ గాలి వీపున తగులుతుంది. అక్కడి ఫొటోలు చూసి ఇక్కడ బట్టలు ఎంచుకునేవారు ఈ తేడాను పట్టించుకోరు.

చీర దేనితో నేశారన్నది ఇక్కడ కేవలం అభిరుచి విషయం కాదు. పట్టు నిప్పు తగిలితే నెమ్మదిగా మాడి, మంట తీసేయగానే చాలావరకు ఆరిపోతుంది. నూలు అంటుకుంటుంది, త్వరగా కాలుతుంది, కానీ బూడిద అవుతుంది. పాలిస్టరు, నైలాను కరిగి ఒంటికి అతుక్కుంటాయి. "బీచ్ పెళ్లి" అన్న మాట చివరకు మేమే ఒక దుకాణంలో బయటపెట్టినప్పుడు, వెంటనే మా ముందు పరిచినవి సరిగ్గా ఇవే: లేత గులాబీ, లేత ఆకుపచ్చ రంగుల్లో నెట్టు లెహంగాలు, జార్జెట్ చీరలు. అంచున చీటీ చూస్తే చాలావాటి మీద పాలిస్టరు అనే ఉంది. తేలిగ్గా ఉంటాయన్నది నిజం. తేలికైనది చల్లగా ఉంటుందన్నది భ్రమ. చెమటను పీల్చని బట్ట తీరపు ఉక్కలో ఒంటికి మైనంలా అంటుకుంటుంది. పైగా మరీ తేలికైన కొంగు ఆ గాలికి నిలవదు. డజను పిన్నులు గుచ్చినా తలంబ్రాల వేళకు పెళ్లికొడుకు ముఖం మీద ఉంటుంది. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన కుట్టిన దుస్తుల మీద జీఎస్టీ 18 శాతం. కుట్టని చీర బట్ట కిందికి వస్తుంది కాబట్టి 5 శాతమే. లెహంగా బిల్లు చివరి అంకె చూసి మా బావ ఉలిక్కిపడింది అందుకే.

పట్టుకు గాలికన్నా నీరు పెద్ద శత్రువు. తడిస్తే పట్టుదారం బలం తగ్గుతుంది, నూలుదారం బలం పెరుగుతుంది. చాకలి రేవు మీద తరతరాలుగా నూలు బతికింది, పట్టు గడప దాటలేదు, కారణం ఇదే. ఉప్పునీటి తుంపర పడితే పట్టు మీద మరకలు తేలతాయి. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండితీగ చుట్టి బంగారు పూత పూసినది. ధర తగ్గించడానికి వెండి స్థానంలో రాగి వాడిన జరీ ఉప్పుగాలి తగిలి త్వరగా నల్లబడుతుంది. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో అయితే ఇంకో ముచ్చట. అక్కడి తీరం తెల్లని ఇసుక కాదు, నల్లమట్టి. లేత రంగు అంచుతో అక్కడ ఏడడుగులు నడిస్తే ఎనిమిదో అడుగుకు అంచు రంగు మారిపోతుంది.

ఇన్ని చెప్పి, మరి ఏమి కట్టాలంటావు అని మా అక్క నిలదీసింది. జవాబు మా పెళ్లి జాబితాలోనే ఉంది, చిట్టచివరి పద్దుగా: మధుపర్కాలు, ఒక జత.

మధుపర్కం అంటే అసలు వరుడికి ఇచ్చే తేనె, పెరుగు కలిపిన మర్యాద. ఆ వేళ పెట్టే బట్టలకే ఆ పేరు స్థిరపడింది. తెల్లని నూలు, ఎర్రటి అంచు, పసుపులో అద్దిన కొసలు. చెమట పీలుస్తుంది, తడిస్తే భయం లేదు, ఉప్పు పడితే మంచినీళ్లలో జాడిస్తే పోతుంది. ఎండలో తెలుపు చల్లన. సముద్రం ఒడ్డున పెళ్లికి ఏ బట్ట కావాలో లెక్క వేసుకుని నేసినట్టే ఉంటుంది. మనం చేసేది ఏమిటి? అన్నింటికన్నా చౌకైనది తెస్తాం. గంజి పెట్టి గట్టిపడ్డ దాన్ని ఉతకకుండానే కట్టబెడతాం. తంతు అయిందనిపించి, వీలైనంత త్వరగా విప్పించి పట్టులోకి మారుస్తాం. లక్ష రూపాయల ఫొటోలు ఆ పట్టుకు, నాలుగు ఫొటోలు దీనికి.

ఆ నాలుగింటినే నలభై చేద్దామన్నాను. మంగళగిరి మా ఇంటికి అరగంట దూరం. అక్కడి గుంటమగ్గాల మీద నేసే నూలు చీరకు ఒంట్లో బుటాలు ఉండవు, నేత సాదాగా, బిగువుగా ఉంటుంది. బరువంతా నిజాం అంచు అనే జరీ అంచులోనే. గాలికి లేవని అంచు, ఊపిరాడే ఒళ్లు, మంటకు కరగని దారం. సూర్యలంకకు పోయే దారికి కాస్త పక్కనే ఉన్న చీరాలలో పట్టు, నూలు కలిపి నేసే కుప్పడం చీరలున్నాయి. పట్టు లేకపోతే పెళ్లి కాదనేవారికి అది మధ్యేమార్గం.

అక్క వాదన కొట్టిపారేయదగినది కాదు. "నూలుచీరతో కూర్చోబెడితే పుట్టింటివాళ్లు ఏమీ పెట్టలేదంటారు" అంది. మన దగ్గర పెళ్లిచీర ఒంటికి కట్టే బట్ట మాత్రమే కాదు, పుట్టింటి తాహతుకు రసీదు. ఆ రసీదు మీద అంకె బరువుతోనే చదువుతారు. గాలి లెక్కలతో అది మారదని నాకూ తెలుసు. కానీ పట్టుచీర వద్దని ఎవరన్నారు? విజయవాడ హాలులో జరిగే రిసెప్షన్‌కు దాన్ని మించినది లేదు. గోడలున్నాయి, ఏసీ ఉంది, చూసేవారూ అక్కడే ఎక్కువ.

పిల్ల మధ్యలో కల్పించుకుని వేసిన ప్రశ్న మా ఇద్దరి వాదనకన్నా పనికొచ్చేది. "మామయ్యా, ఇసుకలో హైహీల్స్ వేసుకోను కదా, మరి అవి వేసుకుని కొలత చూసుకోవడం ఎందుకు?" నిజమే. దుకాణంలో మడమ చెప్పులతో కుచ్చిళ్లు సరిచూసుకుని, తీరాన వట్టికాళ్లతో నిలబడితే రెండు మూడు అంగుళాల అంచు తడి ఇసుకను ఊడుస్తూ వస్తుంది. చీర కట్టే ఆమెకు ఆ సాయంత్రమే ఫోను చేసి, కట్టి చూసే రోజున చెప్పులు లేకుండానే కట్టమని చెప్పాం.

చివరకు రాజీ కుదిరింది. బుట్టలో కూర్చునేటప్పటి నుంచి హోమం అయ్యేదాకా మంగళగిరి నూలు, ఎర్రటి అంచుతో, రెండుసార్లు ఉతికి గంజి వదిలించినది. కిలో పట్టు రిసెప్షన్‌కు. అక్క ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, పట్టును కూడా పెట్టెలో సర్ది సూర్యలంక తీసుకెళదామంటోంది. తీసుకెళ్లనీ. పెట్టె మోయడానికి కారు ఉంది, బుట్ట మోయడానికి నేనే ఉన్నాను.