కత్తికి లైసెన్సు మోకాలు

స్కాట్లాండ్‌లో మొలకు కత్తి కట్టుకుని, పోలీసు ఎదురుపడినా తల తిప్పుకోకుండా నడివీధిలో నడవాలని ఎవరికైనా కోరిక ఉంటే అందుకు చట్టబద్ధమైన మార్గం ఒకటి ఉంది. ముందు ప్యాంటు విప్పేయాలి.

ఇది పరిహాసం కాదు, శాసనం. 1995 నాటి స్కాట్లాండ్ క్రిమినల్ చట్టంలో 49వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో పదునైన వస్తువును వెంట ఉంచుకోవడం నేరం. మూడంగుళాలు దాటని మడతచాకును మాత్రం వదిలేశారు. అంతకు మించితే కారణం చెప్పాలి. ఏలినవారు అంగీకరించే కారణాల్లో వృత్తి ఒకటి, మతం ఒకటి, 'ఏదైనా జాతీయ వేషధారణలో భాగం' అన్నది ఇంకొకటి. నిరూపించుకునే భారం కత్తి ఉన్నవారిదే.

జనవరి సాయంత్రం ఎడిన్‌బరోలోని ప్రిన్సెస్ స్ట్రీట్‌లో ఇద్దరు పెద్దమనుషులు నడిచి వస్తున్నారనుకోండి. ఇద్దరి నడుముకూ ఒకే కొలిమిలో కాగిన, ఒకే పొడవున్న కత్తులు. మొదటాయన మందపాటి ప్యాంటు తొడుక్కున్నారు. ఆయన్ని స్టేషన్‌కు తీసుకెళ్తారు. రెండో ఆయన కిల్టు కట్టారు, అంటే స్కాట్లాండ్ మగవారి జాతీయ వేషమైన ఉన్ని పావడా. ఆయన పక్కన నిలబడి పర్యాటకులు ఫొటో దిగుతారు. మొదటాయన మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయి కనుక ఆయన ఉద్దేశాలు అనుమానాస్పదం. రెండో ఆయన మోకాళ్ళు బీట్‌రూట్ రంగుకు తిరిగాయి కనుక ఆయన సంస్కృతీ పరిరక్షకుడు. ఆయుధాల లైసెన్సుకు ఇంతకంటే పారదర్శకమైన పద్ధతి ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? దరఖాస్తు లేదు, దళారి లేదు, ముద్ర లేదు. రుసుము ఎవరి ఒంటి మీద వారు చెల్లిస్తారు, రసీదు దూరం నుంచే కనబడుతుంది.

రుసుము ఎంత అన్నది తెలియాలంటే ఆ వేషాన్ని దగ్గరగా చూడాలి. సంప్రదాయంగా కుట్టిన కిల్టుకు ఎనిమిది గజాల దాకా ఉన్ని బట్ట పడుతుంది. దాదాపు అంతా వెనక కుచ్చిళ్ళలోకే వెళ్తుంది. కాబట్టి కూర్చునే భాగానికి చలి సమస్య లేనే లేదు. మన పంచెకట్టు కలలో కూడా ఊహించని మందం అక్కడ పోగుపడి ఉంటుంది. ముందువైపు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. పై పొరకు ఒక పిన్ను గుచ్చుతారు. గాలికి బట్ట లేవకుండా రెండు పొరలనూ కలిపి గుచ్చారనుకుంటే పొరపాటు. పై పొరకు మాత్రమే గుచ్చాలన్నది మర్యాద. జేబులు లేవు కనుక నడుముకు ముందు తోలుసంచి వేలాడుతుంది. కిల్టు అంచు మోకాలి నడిమికి వచ్చి ఆగిపోతుంది. కింద నుంచి ఉన్ని మేజోడు పైకి వచ్చి మోకాలి కిందే ఆగిపోతుంది. ఈ రెండు ఉన్ని రాజ్యాలకూ మధ్య ఎవరి పాలనా లేని బెత్తెడు చర్మం మిగులుతుంది. ప్రభుత్వానికి చెల్లే రుసుము ఆ బెత్తెడే. కిల్టు లోపల ఏముంటుందన్న ప్రశ్న జోలికి ఈ వ్యాసం పోదు. చలికాలంలో దాని సంగతి గాలి చూసుకుంటుంది.

ఇక కత్తులు. మేజోడు పై అంచులో పిడి మాత్రమే కనబడేలా దోపుకునేది స్కియన్ డూ, మూడు నాలుగంగుళాల చిన్న కత్తి. కుడిచేతివాటం వారు కుడికాలికి దోపుకుంటారు. నడుము పట్టీకి వేలాడేది డర్కు, మూరెడు పొడవున గంభీరంగా ఉంటుంది. పూర్వం హైలాండ్ అనే ఉత్తర స్కాట్లాండ్ కొండసీమ జాతుల వారు దాని మీద ప్రమాణాలు చేసేవారట. అలంకారంగా చేసిన డర్కు ఒరను కాస్త పరిశీలిస్తే ముందువైపు ఇంకో రెండు చిన్న పిడులు కనబడతాయి. ఒకటి లాగితే బుల్లి చాకు, ఇంకొకటి లాగితే ఫోర్కు. శత్రు సంహారానికి బయలుదేరిన వీరుడు దారిలో భోజనం దొరికితే చేత్తో తినడం అనాగరికమని భావించి ఈ ఏర్పాటు చేసుకున్నాడు. ఇంతటి ముందుచూపు ఉన్నవాడు మోకాళ్ళ సంగతి మాత్రం ఎలా మరిచాడో చరిత్రకారులు తేల్చాలి.

ఇదే రాజ్యం ఒకప్పుడు ఈ బట్టనూ ఈ కత్తినీ కలిపి నిషేధించింది. 1746లో కలోడెన్ యుద్ధంలో హైలాండ్ తిరుగుబాటును అణచాక లండన్ పార్లమెంటు వారి ఆయుధాలు లాక్కుని, వేషం మీద కూడా చట్టం చేసింది. మగవాడు కిల్టుతో మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రాల అవతలి వలసలకు రవాణా. రాజుగారి సైన్యంలో చేరినవాడికి మాత్రం మినహాయింపు. రాజు కోసం చచ్చేటప్పుడు ఏం కట్టుకున్నా అభ్యంతరం లేదు. 1782లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. నలభై ఏళ్ళు తిరిగేసరికి, 1822లో, నాలుగో జార్జి రాజే కిల్టు కట్టి, మొలకు కత్తి వేలాడేసుకుని ఎడిన్‌బరోలో దర్బారు చేశాడు. ఆ ముస్తాబుకు అయిన ఖర్చు 1,354 పౌండ్లు. భారీ దేహం, పొట్టి కిల్టు. దాంతో ఆయన కాళ్ళకు గులాబీ రంగు బిగుతు తొడుగులు వేసుకున్నాడు. అది ఏ నెల అనుకున్నారు? ఆగస్టు. ఎండాకాలంలో రాజు కాళ్ళు కప్పుకున్నాడు, ఆయన ప్రజల వారసులు జనవరిలో విప్పుకుంటున్నారు. తర్వాత డేవిడ్ విల్కీ వేసిన రాజచిత్రంలో ఆ గులాబీ తొడుగులు మాయమై వట్టి మోకాళ్ళే దర్శనమిస్తాయి. రుసుము ఎగ్గొట్టిన రాజు బాకీని కుంచె తీర్చింది.

మోకాళ్ళ పరీక్ష సైన్యం కూడా పెట్టి చూసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నిలబడ్డ హైలాండ్ సైనికుల కిల్టులకు బురద పట్టి, ఆ బురద గడ్డకట్టి, కుచ్చిళ్ళ అంచులు కాళ్ళను కోసేవి. కుచ్చిళ్ళ మడతల్లో పేలు సుఖంగా కాపురముండేవి. కత్తి అక్కర్లేకుండా బట్టే కోసే దశకు ఆ వేషం చేరుకుందన్నమాట. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక పోరాట దుస్తుల నుంచి దాన్ని తప్పించారు. ఎముకలు కొరికే చలిలో తుపాకీ పట్టినవాడికి పనికిరాదని తేలిన వేషం, విందుకు వెళ్ళేవాడికి మాత్రం తప్పనిసరి అయింది.

ఆ విందుల పంచాంగం రాసినవాడు ఎవడోగానీ మోకాళ్ళతో వాడికి పాత కక్ష ఉంది. సెయింట్ ఆండ్రూ పర్వదినం నవంబరు 30. హొగ్మనే అనే సంవత్సరాంత పండుగ డిసెంబరు 31. కవి రాబర్ట్ బర్న్స్ జయంతి జనవరి 25. ఆ రాత్రి ఆయన పద్యం చదువుతూ హాగిస్ అనే మాంసపు వంటకాన్ని కత్తితో నిలువునా చీరుస్తారు, కత్తికి ఏడాదిలో నిజమైన పని దొరికేది బహుశా ఆ ఒక్క నిమిషమే. దేశం మొత్తం మీద అత్యల్ప ఉష్ణోగ్రత మైనస్ 27.2 డిగ్రీలు, బ్రేమార్ గ్రామం 1895లో ఒకసారి, 1982లో ఇంకోసారి ఆ ఘనత సాధించింది. సుప్రసిద్ధమైన హైలాండ్ క్రీడోత్సవం జరిగేదీ ఆ ఊళ్ళోనే. అయితే దాన్ని సెప్టెంబరులో పెట్టుకున్నారు. అనుభవం ఉన్న ఊరు. స్టోన్‌హేవెన్ అనే ఊరి వారి తెలివి వేరు. హొగ్మనే అర్ధరాత్రి కిల్టులు కట్టుకుని, మండుతున్న నిప్పుగుండ్లను ఇనుప తీగలకు కట్టి తలచుట్టూ తిప్పుకుంటూ వీధుల్లో నడుస్తారు. చలికాలంలో కిల్టు కట్టేవాడి సహేతుక ప్రవర్తన అంటే అదీ.

ఇంతకీ అసలు విషాదం పెళ్ళిళ్ళ సీజనులో ఉంది. కిల్టు కొనడం ఖరీదు కనుక చాలామంది అద్దెకు తెచ్చుకుంటారు. పెళ్ళిలో తాగినవాళ్ళ చేతిలో కత్తి ఎందుకని అద్దె దుకాణాలు చాలావరకు ఉత్తుత్తి కత్తినే ఇస్తాయి. మేజోడులో దోపితే పిడి ఠీవిగా కనబడుతుంది, లాగితే కింద ప్లాస్టిక్ ముక్క. పాపం ఆ పెళ్ళికొడుకు! మంచు రాలుతున్న చర్చి ముంగిట ఫొటోగ్రాఫరు 'ఇంకొక్కటి' అంటూ అరగంట నిలబెడితే, లేని కత్తికి పూర్తి రుసుము చెల్లిస్తున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆ మోకాళ్ళు నన్ను అడగవచ్చు. వినియోగదారుల హక్కుల కోణంలోనే అడుగుతున్నాను: ప్లాస్టిక్ కత్తికి కనీసం పొడుగు లోదుస్తులైనా అనుమతించాలి.

చట్టంలో ఉన్నది స్కాటిష్ వేషధారణ అని కాదు, 'ఏదైనా' జాతీయ వేషధారణ అని గమనించగలరు. గ్లాస్గోలో కాపురముంటున్న మనవాళ్ళకు ఇక్కడ ఒక ధర్మసందేహం రావాలి. మన వైపు కొన్ని కుటుంబాల్లో పెళ్ళికొడుకు చేతికి దిష్టి తగలకుండా చిన్న కత్తి ఇచ్చి, దాని మొనకు నిమ్మకాయ గుచ్చుతారు. పట్టుపంచె పాదాల దాకా ఉంటుంది కనుక మోకాలి రుసుము చెల్లించినట్టు కాదు. అయితే మొన మొత్తం నిమ్మకాయలోనే ఉంది కనుక అది పదునైన వస్తువా, పచ్చడి సరుకా అన్నది మొదట తేలాలి. పెళ్ళికొడుకు తరఫు న్యాయవాది ఎవరైనా సరే, వాదనల రోజుకు తాజా నిమ్మకాయ తెచ్చుకుంటే మంచిది.